మేనరికం: ఆచారం, జన్యుశాస్త్రపు లెక్క

మేనమామ కూతురినో మేనత్త కూతురినో పెళ్లాడడాన్ని బౌధాయన ధర్మసూత్రం దక్షిణాదివారి ప్రత్యేకాచారాల్లో ఒకటిగా పేర్కొన్నది. తెలుగునేలపై దీనికి శాసనసాక్ష్యం క్రీ.శ. 3వ శతాబ్దిలోనే దొరుకుతుంది. విజయపురి రాజధానిగా పాలించిన ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడు తన మేనత్త హమ్మసిరి కుమార్తెలను పెళ్లాడినట్లు నాగార్జునకొండ శాసనాలు చెబుతున్నాయి. వేంగి చాళుక్యుల ఇంట ఇది రాజనీతిగానే మారింది: నన్నయచేత భారతాన్ని తెనిగింపజేసిన రాజరాజనరేంద్రుడు మేనమామ రాజేంద్రచోళుని కూతురు అమ్మంగదేవిని, వారి కుమారుడు కులోత్తుంగుడు మళ్లీ తన మేనమామ కూతురు మధురాంతకిని పెళ్లాడగా, ఆ బంధుత్వబలంతోనే 1070లో చోళ సింహాసనం చాళుక్య రక్తానికి దక్కింది. సామాన్య గృహాల్లో సింహాసనాలు లేకపోయినా పొలాలుండేవి, తెలిసిన ఇంట ఆడపిల్ల సుఖపడుతుందన్న ధీమా ఉండేది.

ఈ ఆచారాన్ని జన్యుశాస్త్రం వేరే వైపు నుంచి చేరుకొన్నది. గాలి తగిలి కాసేపు నిలిస్తే మూత్రం నల్లబడే అల్కాప్టోన్యూరియా అనే అరుదైన వ్యాధిని పరిశీలించిన ఆంగ్ల వైద్యుడు ఆర్చిబాల్డ్ గారడ్, రోగుల తల్లిదండ్రులు తరచుగా దగ్గరి బంధువులు కావడాన్ని గమనించి 1902లో ప్రకటించాడు. మెండెల్ బఠానీ మొక్కల్లో చూపిన అంతర్గత లక్షణానికి, అంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటిగా రెండు ప్రతులూ అదే రకానివైతేనే బయటపడే లక్షణానికి, మనుషుల్లో దొరికిన తొలి ఉదాహరణల్లో ఇదొకటి.

బిడ్డకు అలా రెండు ప్రతులూ ఒకటే అయ్యే అవకాశపు లెక్క సులభమే. మేనరికపు దంపతులకు ఉమ్మడిగా ఉన్న తాత, అవ్వలకు ఒక్కొక్క జన్యువు రెండేసి ప్రతులుగా మొత్తం నాలుగుంటాయి. వాటిలో ఏ ఒక్కటైనా ఒక వైపు మూడు తరాల మెట్లు దిగి మునిమనుమడిని చేరే అవకాశం ఎనిమిదో వంతు, రెండు వైపుల నుంచీ చేరే అవకాశం అరవై నాలుగో వంతు కనుక, నాలుగింటికీ కలిపి పదహారో వంతు. అక్క కూతురిని పెళ్లాడితే ఒక మెట్టు తగ్గి అది ఎనిమిదో వంతవుతుంది. 1955 నాటి హిందూ వివాహ చట్టం ఈ రెండు రకాల పెళ్లిళ్లనూ నిషిద్ధ బంధుత్వాల్లో చేర్చి, ఆచారం ఉన్నచోట మాత్రం మినహాయించింది.

1957లో భారతదేశానికి వచ్చిన జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ వద్ద శిష్యరికం చేసిన ద్రోణంరాజు కృష్ణారావు, పి. మీరాఖాన్‌తో కలిసి 1960లో ఆంధ్రప్రదేశ్‌లోని రక్తసంబంధ వివాహాలపై పరిశోధనా వ్యాసం వెలువరించాడు. శతాబ్దాలుగా ఇలాంటి పెళ్లిళ్లు జరిగినచోట హానికర జన్యువులు బాధిత శిశువుల మరణంతో క్రమంగా తొలగిపోయి ఉంటాయని జన్యుశాస్త్రవేత్త ఎల్.డి. సంఘ్వీ వాదించాడు, ప్రకృతివరణం దృష్ట్యా ఇది కాదనలేని తర్కమే అయినా, ఆ ప్రక్షాళనకు మూల్యం చెల్లించినవారు ఆ శిశువులే.

అయితే నింద మొత్తం మేనరికానిదే అనుకోవడం తొందరపాటు. కొద్దిమంది మూలపురుషుల నుంచి పెరిగి, తరతరాలుగా తమలో తామే పెళ్లాడే సమూహంలో వారి అరుదైన జన్యువులు అందరికీ వ్యాపించడాన్ని స్థాపక ప్రభావం అంటారు. తెలుగు వైశ్యుల్లో బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము లోపం ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే. ఈ లోపమున్నవారికి శస్త్రచికిత్సలో కండరాలను సడలించే సక్సినైల్‌కోలిన్ ఇస్తే దాని ప్రభావం త్వరగా తగ్గక, చాలాసేపు కృత్రిమ శ్వాస అందించవలసి వస్తుంది. తల్లిదండ్రుల మధ్య తెలిసిన చుట్టరికమేదీ లేని రోగి విషయంలోనూ మత్తు వైద్యుడు ఈ జాగ్రత్త తీసుకోక తప్పదు.