పై అధికారే వేధిస్తే ఫిర్యాదు ఎవరికి?

కార్యాలయాల్లో లైంగిక వేధింపులపై అంతర్గత కమిటీ ఉంటుందన్న సంగతి చాలామంది ఉద్యోగినులకు తెలుసు. అయితే వేధించింది కార్యాలయ అధిపతే అయితే, ఆ కమిటీని నియమించింది కూడా ఆయనే. అసలు చిక్కు అక్కడే వస్తోంది.

పదిహేడేళ్ల పోరాటం

1988 జులై 18న చండీగఢ్‌లో ఒక విందులో నాటి పంజాబ్ డీజీపీ కె.పి.ఎస్.గిల్ తనతో అసభ్యంగా ప్రవర్తించారని ఐఏఎస్ అధికారిణి రూపన్ దేవల్ బజాజ్ ఫిర్యాదు చేశారు. ఉగ్రవాదాన్ని అణచే పనిలో ఉన్న అధికారి కావడంతో ప్రభుత్వ పెద్దలు చూసీచూడనట్లు వ్యవహరించారు. 1989లో హైకోర్టు కేసును కొట్టివేసింది. 1995 అక్టోబరు 12న సుప్రీంకోర్టు దానిని పునరుద్ధరించింది. విచారణ మొదలు కావడానికే ఏడేళ్లు పట్టిందన్నమాట. 1996లో కింది కోర్టు గిల్‌ను దోషిగా తేల్చింది. జైలు శిక్ష ప్రొబేషన్‌గా మారినా, దోషిత్వం 2005లో సుప్రీంకోర్టులోనూ నిలిచింది. పరిహారం సొమ్మును బజాజ్ స్వీకరించలేదు. ఐఏఎస్ అధికారిణికే ఇంత కాలం పడితే అంగన్‌వాడీ ఆయా పరిస్థితి ఊహించుకోవచ్చు.

తమిళనాడులో ప్రత్యేక డీజీపీ రాజేశ్ దాస్ కేసు ఇంతకంటే వేగంగా నడిచింది. 2021 ఫిబ్రవరిలో ఒక మహిళా ఐపీఎస్ అధికారిణి ఆయనపై ఫిర్యాదు చేయగా, 2023 జూన్‌లో విళుపురం కోర్టు మూడేళ్ల జైలు శిక్ష విధించింది. ఫిర్యాదు ఇచ్చేందుకు చెన్నై వెళ్తున్న ఆమెను దారిలో అడ్డుకున్న ఎస్పీకి కూడా జరిమానా పడింది. 2024 ఫిబ్రవరిలో జిల్లా కోర్టు ఈ తీర్పును సమర్థించగా, దాస్ పైకోర్టులను ఆశ్రయించారు.

జిల్లాలోనే మార్గం

1997 నాటి విశాఖ తీర్పు ఆధారంగా 2013లో చట్టం వచ్చింది. పది మంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. లేకుంటే యాజమాన్యానికి రూ.50 వేల వరకు జరిమానా. పది మంది కన్నా తక్కువ ఉన్నచోట, ఆరోపణ యజమానిపైనే ఉన్నచోట, జిల్లా స్థానిక కమిటీకి నేరుగా ఫిర్యాదు చేయవచ్చు. ఇళ్లలో పనిచేసేవారికీ ఇదే దిక్కు. గ్రామీణ ప్రాంతాల్లో మండల స్థాయి నోడల్ అధికారి ఫిర్యాదు తీసుకుని, ఏడు రోజుల్లో కమిటీకి పంపాలి. చట్టంలో ఇంత స్పష్టంగా ఉన్నా ఆ అధికారి ఎవరో మండల కార్యాలయ సిబ్బందికే తెలియని చోట్లు ఉన్నాయి. జిల్లా అధికారులను తప్పక నియమించాలని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించాల్సి వచ్చింది.

ఘటన జరిగిన మూడు నెలల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణం ఉంటే మరో మూడు నెలలు గడువు పొడిగిస్తారు. విచారణ 90 రోజుల్లో ముగియాలి. ఈలోగా తనను గానీ, ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యక్తిని గానీ బదిలీ చేయాలని, లేదా మూడు నెలల వరకు సెలవు ఇవ్వాలని బాధితురాలు కోరవచ్చు. రుజువు చూపలేకపోయినంత మాత్రాన తప్పుడు ఫిర్యాదుగా పరిగణించరాదని చట్టమే చెబుతోంది. బాధితురాలి పేరు, విచారణ వివరాలు బయటపెట్టరాదు.

కమిటీతో నిమిత్తం లేకుండా పోలీసు కేసు పెట్టవచ్చు. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 75వ సెక్షన్ కింద కేసు నమోదు చేస్తున్నారు. కమిటీకి ఇచ్చే ఫిర్యాదు ఆరు ప్రతుల్లో, సాక్షుల పేర్లు, చిరునామాలతో ఉండాలి.