హైదరాబాదు టంకసాల: రాజ్యం మారినా ఆగని ముద్ర

రాజశాసనం చదువలేని సామాన్యునికి సైతం తాను ఎవరి ఏలుబడిలో ఉన్నాడో తెలిపినది నాణెమే. అట్టి నాణేలను ముద్రించే చోటును తెలుగువారు టంకసాల అనీ, కమ్మటం అనీ పిలిచారు. నేటి భారత ప్రభుత్వ టంకసాలలు నాలుగింటిలో హైదరాబాదు టంకసాల ఒకటి.

మూడవ నిజాం సికందర్ జా కాలంలో, 1803లో పాతనగరంలోని సుల్తాన్‌షాహీలో ఇది ఏర్పడింది. ఆనాడు లోహపు బిళ్లను రెండు అచ్చుల నడుమ ఉంచి సమ్మెటతో కొట్టేవారు. అక్షరాలు పూర్తిగా పడేవి కావు. అంచులు సమంగా లేనందున వెండిని గీకి అపహరించడం సులభమయ్యేది. 1895లో ఐరోపా నుండి యంత్రాలు వచ్చాయి. 1903లో టంకసాల సైఫాబాదుకు తరలింది. యంత్రంపై తయారైన రూపాయి గుండ్రంగా, అంచున గీతలతో ఉండడంతో మోసం కంటికి తెలిసిపోయేది. ఆ రూపాయిపై చార్మినారు చిత్రం నిలిచింది.

ఈ నాణేలకు హాలీ సిక్కా అని పేరు. తెలంగాణమే గాక నేటి కర్ణాటక, మహారాష్ట్రలలోని కొన్ని జిల్లాలు కూడ నాడు నిజాం రాజ్యంలోనివే కావున, మూడు భాషల ప్రజలూ వీటినే వాడారు. పొలిమేర దాటితే మాత్రం బ్రిటిష్ ఇండియా వారి ‘కల్దార్’ రూపాయి కావలసినదే. సుమారు 7 హాలీ రూపాయలకు 6 కల్దార్లు లభించేవి. బతుకుతెరువుకై షోలాపురానికి వలస వెళ్లిన తెలంగాణ పద్మశాలీలు చేతిలోని సొమ్మును మార్చుకొనక తప్పేది కాదు. పొరుగూరికి పోవడమే పరరాజ్యానికి పోవడంగా ఉండేది.

1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసింది. 1950లో టంకసాల భారత ప్రభుత్వ అధీనమైంది. హాలీ సిక్కా ఒక్కనాటిలో రద్దు కాలేదు. భారత రూపాయితో పాటు కొన్నేళ్లు చెలామణి అయి క్రమంగా తొలగిపోయింది. పేదవాని మూటలోని సొమ్ము రాత్రికి రాత్రి విలువ కోల్పోకుండ ఏకీకరణ సాగడం గమనింపదగినది. 1957 ఏప్రిల్ 1న 16 అణాల రూపాయి 100 నయాపైసల రూపాయిగా మారింది.

1997లో టంకసాల చర్లపల్లికి చేరింది. సైఫాబాదులోని పాత భవనంలో 2022లో నాణేల ప్రదర్శనశాల వెలసింది. చెలామణి నాణేలతో పాటు, సేకరించి దాచుకొనే స్మారక నాణేలూ ఇక్కడ తయారవుతాయి. నందమూరి తారక రామారావు శతజయంతి సందర్భంగా 2023లో విడుదలైన 100 రూపాయల నాణెం ఇక్కడిదే.

నాణెంపై సంవత్సరం కింద నక్షత్రం ఉంటే అది హైదరాబాదుది. వజ్రాకారం ముంబయిది, చుక్క నోయిడాది. కోల్‌కతా నాణేనికి గుర్తు ఉండదు. విద్యార్థులు ఈ గుర్తులను పోల్చి చూడడం నేర్వాలి. వలస వచ్చిన కుటుంబాల పెట్టెలలో హాలీ నాణేలు మిగిలి ఉంటే వాటిని వెండి తూకానికి అమ్మివేయరాదు. ఏ ఊరినుండి, ఎవరి వెంట వచ్చాయో పెద్దలనడిగి వ్రాసి ఉంచాలి. ఆ వివరం ఏ ప్రదర్శనశాలలోనూ దొరకదు.