ఇత్తడి బాకాకు ఏ నూనె?



మన భాషలో నూనెకూ చెలిమికీ చుట్టరికం ఉన్నది. నువ్వుల నెయ్యి నూనె అయింది. నెయ్యి, నెయ్యము ఒక కుదురు మాటలే. సంస్కృతంలో ‘స్నేహ’ శబ్దానికి చమురు అనీ, ప్రేమ అనీ రెండర్థాలు. బండి ఇరుసుకు పూసేది కందెన. ఇవన్నీ తరగతిలో చెప్పి మెప్పు పొందిన నేను, ఒక ఇత్తడి వాద్యానికి ఏ నూనె వేయాలో తెలియక ఒక పిల్లవాని కూలి పోగొట్టాను. ఆ సంగతి చెప్పే ముందు కొంచెం చరిత్ర.

పూర్వం బాకా అంటే కదిలే భాగమేదీ లేని ఒకే గొట్టం. మన కొమ్ముబూర వలెనే, పెదవుల బిగువుకు లొంగే కొన్ని స్వరాలే అందులో పలికేవి. తక్కిన స్వరాలు కావాలంటే గొట్టం పొడవు మారాలి. ఐరోపావారు దీనికి రెండు మార్గాలు కనిపెట్టారు. పదిహేనవ శతాబ్దిలో ట్రాంబోన్‌కు జారుడు గొట్టం వచ్చింది. 1818లో ష్టోల్జెల్, బ్లూమెల్ అనే ఇద్దరు వాద్యకారులు వాల్వుకు ప్రష్యాలో పేటెంటు పొందారు. నేటి ట్రంపెట్లలోని పిస్టను, 1839లో పారిస్ నగరవాసి పెరినే పేటెంటు పొందిన రూపానికి వారసురాలు. లోహంలో లోహం కదలడం మొదలైన నాడే నూనె సమస్య కూడా పుట్టింది.

ఈ వాద్యాలు సైనిక బృందాల వెంట మన దేశానికి వచ్చాయి. 1798 నుండి 1832 వరకు తంజావూరు నేలిన రెండవ సరభోజి ఆస్థానంలోనే పాశ్చాత్య బ్యాండు ఉండేది. దండు నుండి దర్బారుకు, దర్బారు నుండి పెళ్లి పందిటికి దిగివచ్చిన బాకాలకు మీరట్ పుట్టినిల్లయింది. అక్కడ 1885లో మొదలైన నాదిర్ అలీ సంస్థ వాద్యాల తయారీలో దేశమంతటా పేరు పొందింది. ఇక మా కోనసీమ సంగతి. ‘అంబాజీపేట మ్యారేజి బ్యాండు’ అని 2024లో ఒక సినిమాయే వచ్చింది. అంబాజీపేటకు అంతకు ముందున్న పేరు కొబ్బరి వ్యాపారం వల్ల వచ్చినది. నా తప్పు ఆ కొబ్బరితోనే ముడిపడింది.

1986 మాఘమాసం. నా తరగతిలో ఒక పిల్లవాడు సెలవు దినాల్లో తండ్రితో కలిసి బ్యాండులో ట్రంపెట్ ఊదేవాడు. పిస్టను పట్టేస్తోందని ఒకనాడు దిగులుగా చెప్పాడు. “ఇంటినిండా కొబ్బరినూనె పెట్టుకొని బెంగ దేనికిరా?” అన్నాను. తెలుగు మాస్టారు చెప్పాడు కదా అని వాడు అట్లే చేశాడు. మధ్యాహ్నం బాగానే ఊదాడట. తెల్లవారుజామున లగ్నం. ఆ చలిలో అతడు నొక్కిన పిస్టను తిరిగి పైకి రాలేదు. పందిట్లో నవ్వులు, యజమాని చీవాట్లు. ఆ రోజు కూలి ఇవ్వలేదు.

కారణం పెద్ద రహస్యమేమీ కాదు. సుమారు ఇరవైనాలుగు డిగ్రీల వేడిమి కన్న దిగువన కొబ్బరినూనె పేరుకొంటుంది. పిస్టనుకూ దాని గూటికీ నడుమ ఉండే ఎడం తలవెంట్రుక మందం కన్న తక్కువ. అందులో పేరిన నూనె బంకతో సమానం. 

మరునాడు వాళ్లింటికి వెళ్లి కూలి డబ్బులు చేతిలో పెట్టాను. తండ్రి లెక్కపెట్టి తీసుకొన్నాడు. “కొబ్బరినూనె తలకి మంచిదండి మాస్టారూ, పిస్టనుకి కాదండి. వేలెత్తేలోగా అది పైకి రావాలండి” అని, వాద్యం విప్పి అరుగు మీద పరిచి పాఠం చెప్పాడు.

ఆ పాఠం ఇది. పిస్టనుకు నీళ్లవంటి పల్చని నూనె కావాలి. ఆయన కిరసనాయిలులో కుట్టుమిషను నూనె కొన్ని చుక్కలు కలిపేవాడు. శ్రుతి సరిచేసే గొట్టానికి ఇది పనికిరాదు. అది జారకూడదు, పెట్టినచోట నిలవాలి, కావాలన్నప్పుడు కదలాలి. దానికి వేజలైను. నూనె వేసే ముందు పాత మడ్డి తుడవాలి. ఊదినవాని తేమను వాద్యంలో నిలవనీయరాదు. ఇత్తడి అంటే రాగి, తుత్తునాగం. ఉమ్మి తేమకు మా సముద్రపు ఉప్పుగాలి తోడైతే లోహం తినివేయబడుతుంది. పల్చని నూనెపొరే దానికి కవచం.

ట్రాంబోన్ మా వైపు నేను అరుదుగా చూశాను. దాని మర్మం తరువాత చదివి తెలుసుకొన్నాను. లోపలి గొట్టాల కొసలు మాత్రమే కాస్త లావుగా ఉండి బయటి గొట్టాన్ని తాకుతాయి. ఆ లావుభాగాన్ని వారు ‘మేజోడు’ అంటారు. దానికి ముఖానికి రాసే కోల్డ్ క్రీము పలుచగా పూసి, పైన నీళ్లు చిలకరించడం పాశ్చాత్య వాదకుల పాత అలవాటు. ఆ నీటి బిందువుల మీద గొట్టం తేలి జారుతుంది. ఈనాడు శుద్ధిచేసిన పెట్రోలియం నూనెలు, కృత్రిమ నూనెలు సీసాలలో దొరుకుతున్నాయి. నోటికి దగ్గరగా ఉండే వాద్యానికి కిరసనాయిలు కన్న అవే మేలు.

అంటే మూడు చోట్లకు మూడు స్వభావాల కందెనలు. బంతిభోజనంలో చివర కూర్చోబెట్టే బ్యాండు మనిషి, ఏ పుస్తకమూ చూడకుండా, వేలి కొసతో ఈ శాస్త్రం గ్రహించాడు. ‘స్నేహ’ శబ్దానికి అర్థం చెప్పిన నాకు శాలువాలు కప్పారు. ఆ అర్థం తెలిసి బతికిన ఆయన పేరు పెళ్లి శుభలేఖలో ఏనాడూ అచ్చుపడలేదు.

మీ ఊరి బ్యాండువారు ఏ భాగానికి ఏ నూనె వాడేవారో తెలిసినవారు దయచేసి వ్రాయండి. ఆ పెద్దలు ఉండగానే వ్రాసిపెట్టుకొందాం.