అంబాసిడర్ కారు వెనుక ఇరుసు, కమాను పట్టీల మరమ్మత్తు

అంబాసిడర్ అనేది హిందుస్తాన్ మోటార్స్ సంస్థ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా కర్మాగారంలో 1950ల చివరి నుండి 2014 వరకు తయారు చేసిన కారు. బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి దీనికి మూలం. ఏళ్ళ తరబడి షెడ్డులో నిలిచిపోయిన అంబాసిడర్‌ను తిరిగి రోడ్డెక్కించాలనుకునేవారు సాధారణంగా ఇంజను గురించి ఆలోచిస్తారు. కాని ఎక్కువ శ్రమ పెట్టేది వెనుక భాగమే. అక్కడి నట్లు, బోల్టులు, బ్రేకు డ్రమ్ములు తుప్పు వలన ఒకదానికొకటి పట్టుకుపోయి ఉంటాయి. సముద్రతీర పట్టణాలలో ఉప్పుగాలి వలన ఈ బెడద మరింత ఎక్కువ.

నిర్మాణం

వెనుక చక్రాలు రెండింటినీ ఒకే దృఢమైన ఇరుసు కలుపుతుంది. దీని మధ్యలో డిఫరెన్షియల్ ఉంటుంది. ఇరుసు రెండు వైపులా కమాను పట్టీల కట్టలపై 'యు' ఆకారపు బోల్టులతో బిగించబడి ఉంటుంది. కట్ట ముందు కొన రబ్బరు బుష్ గుండా పోయే బోల్టుతో బాడీకి, వెనుక కొన షాకిల్ అనే ఊగే లంకెకు అతికి ఉంటాయి. బరువు పడినప్పుడు పట్టీ చదునై కొద్దిగా పొడవు పెరుగుతుంది, ఆ పెరుగుదలకు వీలు కల్పించేది షాకిల్. అది పట్టుకుపోతే ప్రతి గుంత దెబ్బా నేరుగా బాడీకి తగులుతుంది.

ఈ కారుకు లారీకి ఉన్నట్లు విడిగా ఛాసిస్ లేదు. పట్టీలను మోసే బ్రాకెట్లు బాడీ అడుగు రేకులోనే భాగం. కనుక బోల్టు పోతే మరొకటి దొరుకుతుంది గాని, బలప్రయోగంతో బ్రాకెట్టు చిరిగితే బాడీయే దెబ్బతింటుంది. ఏది కోయవచ్చు, ఏది కాపాడాలి అనే నిర్ణయం పని మొదలుపెట్టక ముందే జరగాలి.

పట్టుకుపోవడానికి కారణం

ఇనుము తుప్పుగా మారినప్పుడు దాని ఘనపరిమాణం కొన్ని రెట్లు పెరుగుతుంది. మరల మధ్య ఉన్న సన్నని ఖాళీలో ఆ తుప్పు చీలలా బిగుసుకుంటుంది. స్ప్రింగు బోల్టు విషయంలో బుష్ లోపలి ఉక్కు గొట్టం బోల్టుతో ఏకమైపోతుంది. పానా వేసి తిప్పితే బోల్టు కదిలినట్లే అనిపిస్తుంది, నిజానికి మెలి తిరుగుతున్నది రబ్బరు.

విడదీసే పద్ధతి

జాకీపై మాత్రమే నిలిపిన కారు కిందికి ఎన్నడూ దూరరాదు. ముందు చక్రాలకు అడ్డు పెట్టి, బాడీని గట్టి స్టాండులపై నిలిపి, ఇరుసు కింద వేరే ఆధారం ఉంచాలి.

మరలను తీగె బ్రష్షుతో శుభ్రపరచి, తుప్పులోకి ఇంకే నూనెను రెండు మూడు రోజుల పాటు పూటకొకసారి పోయాలి. షెడ్లలో కిరోసిన్ వాడడం కూడా కద్దు. వదులు చేసే ముందు నట్టును పిసరంత బిగించి చూస్తే తుప్పు పొర చిట్లుతుంది. పాత మోడళ్ళలో చాలా బోల్టులు అంగుళాల కొలతలోనివి. మిల్లీమీటర్ల పానాలు వాడి తలలు గుండ్రంగా అరగదీసుకోవడం తరచుగా జరిగే పొరపాటు.

అప్పటికీ రాకపోతే నట్టును మాత్రమే వేడి చేయాలి. 12 మి.మీ. రంధ్రం 300 డిగ్రీల వేడికి సుమారు 0.04 మి.మీ. పెరుగుతుంది. ఇది స్వల్పమే అయినా పట్టు విడవడానికి తరచుగా చాలుతుంది. అయితే కమాను పట్టీలను వేడి చేయరాదు, ఉక్కు పదును పోయి తరువాత విరుగుతాయి. బ్రేకు పైపులు, రబ్బరు బుష్‌ల దగ్గర మంట ప్రమాదకరం. పెట్రోలు ట్యాంకు కూడా వెనుకనే ఉన్నదని మరువరాదు. స్ప్రింగు బోల్టు ఎంతకీ రానప్పుడు పట్టీ కన్నుకు, బ్రాకెట్టుకు మధ్య హాక్సా బ్లేడుతో రెండు వైపులా కోయడమే ఉత్తమం. సుత్తితో గంటల తరబడి కొట్టడం కంటే ఇది త్వరగా అవుతుంది, బ్రాకెట్టు కూడా మిగులుతుంది.

కట్టను విప్పేటప్పుడు దానిని బిగింపులో పట్టి ఉంచిన తరువాతే మధ్య బోల్టు తీయాలి. లేనిచో పట్టీలు ఎగిరి గాయపరుస్తాయి.

బ్రేకు డ్రమ్ములు

హ్యాండ్ బ్రేకు వేసి వదిలేసిన కారులో బ్రేకు షూలు డ్రమ్ముకు అతుక్కుంటాయి. ఇంజను బలంతో ముందుకు వెనుకకు లాగితే లైనింగు ఊడిపోవచ్చు. అడ్జస్టరును వదులు చేసి, డ్రమ్మును చుట్టూ మెల్లగా తట్టడం మేలు. పాత లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు కనుక ధూళిని గాలితో ఊదరాదు, తడిగుడ్డతో తుడవాలి. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకుంటుంది, అందుచేత వీల్ సిలిండరు లోపల పిస్టను కూడా పట్టుకుపోతుంది. సిలిండరు గోడపై గుంతలు కనిపిస్తే రుద్ది సరిచేయక మార్చివేయాలి.

ప్రొపెల్లర్ షాఫ్టు, డిఫరెన్షియల్

ఇరుసు పైకి కిందికి కదిలినప్పుడు ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు మారాలి. ఇందుకు జారే పళ్ళ జాయింటు ఉంటుంది. అది బిగుసుకుంటే ఆ తోపు గేరుబాక్సు, పినియన్ బేరింగులపై పడుతుంది. బయటికి కనిపించని ఈ లోపం వలన ఖర్చు ఎక్కువ. షాఫ్టును విప్పే ముందు జోడింపుల మీద గుర్తులు పెట్టుకోవాలి, రెండు కొసల యోక్‌లు ఒకే వరుసలో లేకపోతే కారు అదురుతుంది. గేరు వేయగానే వెనుక 'టక్' మనే శబ్దం వస్తే క్రాసులు అరిగినట్లు అనుమానించవచ్చు.

డిఫరెన్షియల్ నూనెలో నీరు చేరి ఉంటే పాల రంగు కనిపిస్తుంది. క్రౌన్, పినియన్‌ల అమరిక పలుచని షిమ్ములపై ఆధారపడి ఉంటుంది కాబట్టి దానిని ఇంటి దగ్గర విప్పకపోవడమే మంచిది. ఇరుసు పైనున్న గాలి రంధ్రం మూసుకుపోయిందేమో మాత్రం చూడాలి. మూసుకుపోతే లోపలి ఒత్తిడికి నూనె సీళ్ళు దాటి బ్రేకు షూలపై పడుతుంది.

తిరిగి బిగించడం

2021లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన నిబంధనల ప్రకారం 50 సంవత్సరాలు దాటి, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు లేని కార్లను వింటేజ్ వాహనాలుగా నమోదు చేయవచ్చు. అటువంటి కార్ల యజమానులు వేరే కారు ఇరుసును అమర్చే ఆలోచన చేయకపోవడం మంచిది.

యు-బోల్టులను మరల వాడరాదు, కొత్తవి వేసి కొన్ని వందల కిలోమీటర్ల తరువాత మళ్ళీ బిగించాలి. బుష్ బోల్టులను చక్రాలు గాలిలో ఉండగా వదులుగానే ఉంచి, కారును నేలపై దించి పూర్తి బరువు పడ్డ తరువాతనే గట్టిగా బిగించాలి. గాలిలోనే బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలిపడి ఉండి, కొద్ది నెలలలోనే చిరిగిపోతుంది.