కోక్యూటెన్‌కు ముందు మన సుబ్బారావు

అమెరికా నుంచి వచ్చే కొడుకు పెట్టెలో చాక్లెట్లు, బాదంపప్పుతో పాటు ఈమధ్య ఒక సీసా కూడా దిగుతోంది. లోపల ముదురు నారింజ రంగు క్యాప్సూల్స్. పేరు కోక్యూటెన్. ‘గుండెకు మంచిదండి నాన్నగారూ, రోజుకొకటి వేసుకోండి’ అంటాడు. ఆ నాన్నగారిది భీమవరమే అయితే, ఈ సీసా కథలో తన ఊరివాడికీ పాత్ర ఉందని తెలియకుండానే మాత్ర మింగేస్తారు.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివి, 1923లో బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే దగ్గర పనికి కుదిరారు. రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్ఫరస్ ఎంతుందో తేలిగ్గా కొలవడం వారి మొదటి పని. నమూనాలో ఆమ్లం, మాలిబ్డేట్ కలిపి మరో రసాయనం చేరిస్తే నీలం రంగు తేలుతుంది. ఎంత ముదురు నీలమైతే అంత ఫాస్ఫరస్. 1925లో అచ్చయిన ఆ పద్ధతి ఇద్దరి పేర్లతోనూ నేటికీ ల్యాబుల్లో నిలిచి ఉంది.

అసలు సంగతి కండరం దగ్గర బయటపడింది. కండరం నుంచి తీసిన ద్రవంలో నీలం చప్పున తేలలేదు. మెల్లమెల్లగా, నిమిషాల తరబడి ముదురుతూ పోయింది. పరీక్ష చెడిందని పారబోస్తే అక్కడితో అయిపోయేది. వాళ్లు ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు. ఫాస్ఫరస్ దేన్నో అంటుకుని ఉండి, ఆమ్లంలో కొంచెం కొంచెంగా విడివడుతోందన్నమాట. ఆ పట్టుకున్నది క్రియాటిన్. అలా 1927లో ఫాస్ఫోక్రియాటిన్ లోకానికి తెలిసింది. 1929లో కండరం నుంచే ఏటీపీని వేరుచేశారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడు ఆ పదార్థాన్నే పట్టుకున్నాడు. కండరం కదలడానికి ఖర్చుపెట్టే ఇంధనం అదే. గుండెలో దాని నిల్వ కొన్ని సెకన్లకు మించి చాలదు. అందుకే గుండె రోజుకు సుమారు ఆరు కిలోల ఏటీపీని తయారుచేసుకుంటూ, వాడేసుకుంటూ ఉంటుంది.

తయారయ్యేది ఎలా? అది తేలేసరికి సుబ్బారావు లేరు. 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో కన్నుమూశారు. అప్పటికి ఆయన లెడర్లీ కంపెనీలో ఫోలిక్ ఆమ్లం పని ముగించారు. ప్రాణాంతక రక్తహీనతను తగ్గించే కాలేయపు పదార్థం కోసం ఏళ్ల తరబడి వెతికినా, అది మాత్రం ఆయనకు చిక్కలేదు. ఆయన పోయిన ఏడాదే మెర్క్ కంపెనీలో కార్ల్ ఫోకర్స్ బృందం దాన్ని బీ12గా పట్టుకుంది. ఆ ఫోకర్సే పదేళ్ల తర్వాత మన సీసా కథలోకి వస్తాడు.

1957లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఫ్రెడరిక్ క్రేన్ ఎద్దు గుండె కణాల్లోని మైటోకాండ్రియా నుంచి ఒక పసుపుపచ్చటి పదార్థాన్ని తీశాడు. మరుసటి ఏడు ఫోకర్స్ బృందం దాని నిర్మాణం తేల్చింది. అదే కోఎంజైమ్ క్యూ10, మన సీసాలోని కోక్యూటెన్. నరసాపురం రేవులో పంటులా ఇది మైటోకాండ్రియా పొరలో ఈ దరిన ఎలక్ట్రాన్లను ఎక్కించుకుని ఆ దరిన దించుతుంది. ఆ రాకపోకల వల్లే చివరికి ఏటీపీ తయారవుతుంది. ఈ లెక్కంతా విప్పిన పీటర్ మిచెల్‌కు 1978లో నోబెల్ వచ్చింది.

సీసా మీద పెద్దక్షరాల్లో ఉండే ‘యాంటీ ఆక్సిడెంట్’ మాట ఈ కథలోకి తర్వాత వచ్చి చేరింది. అబద్ధమేమీ కాదు, ఒంట్లోని కొవ్వులు ఆక్సీకరణతో చెడిపోకుండా క్యూ10 కాపాడుతుంది. కానీ ఆ ఒక్క మాటతో గుండె బాగుపడదు. ఫిన్లాండ్‌లో 29 వేల మందికి పైగా పొగతాగే మగవాళ్లపై జరిపిన పరీక్షలో మరో యాంటీ ఆక్సిడెంట్ బీటా కెరోటిన్ మింగినవాళ్లకే ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎక్కువ వచ్చిందని 1994లో తేలింది. అలాంటిదే అయిన విటమిన్ ఇ కూడా పెద్ద పరీక్షల్లో గుండెపోట్లను ఆపలేకపోయింది. నా మటుకు ఆ మాట చూసి సీసా కొనడం దండగ.

క్యూ10కి ఉన్న బలమంతా గుండె నీరసించిన రోగుల దగ్గరే. జపాన్ 1974లోనే దాన్ని గుండె వైఫల్యానికి తోడు మందుగా ఒప్పుకుంది. 2014లో వెలువడిన క్యూ-సింబియో పరీక్షలో 420 మంది రోగులకు మామూలు మందులు కొనసాగిస్తూనే, కొందరికి 100 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లు ఇది, మిగతావాళ్లకు ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. రెండేళ్లలో గుండె సంబంధమైన పెద్ద ప్రమాదాలు క్యూ10 వాడినవాళ్లలో 15 శాతం, వాడనివాళ్లలో 26 శాతం. ఆశ కలిగించే లెక్కే, కానీ చిన్న పరీక్ష. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ముందుజాగ్రత్తగా పనికొస్తుందని దీన్నిబట్టి అనుకోవడానికి లేదు. తిండి ద్వారా మనకు అందేది రోజుకు కొద్ది మిల్లీగ్రాములే. కొల్లేటి చేపల పులుసు రెండు పూటలా తిన్నా 300 రాదు.

కొలెస్ట్రాల్ బిళ్లలు, అంటే స్టాటిన్లు వేసుకునేవాళ్లు దీని గురించి ఎక్కువగా అడుగుతారు. కొలెస్ట్రాల్, క్యూ10 రెండూ ఒంట్లో ఒకే దారిలో తయారవుతాయి గనుక ఆ బిళ్లతో రక్తంలో క్యూ10 తగ్గడం నిజమే. ఒళ్లునొప్పులు దీనితో తగ్గుతాయా అంటే పరీక్షలు తలో మాట చెప్పాయి. నొప్పులని సొంతంగా స్టాటిన్ మానేసి ఈ సీసా పట్టుకుంటే మాత్రం ప్రమాదమే. స్టెంట్ వేయించుకున్నవాళ్లకు మరీను.

వాడేవాళ్లు నూనె, నెయ్యి తగిలిన భోజనంతోనే వేసుకోవాలి. ఇది కొవ్వులో కరిగే సరుకు, ఖాళీ కడుపున సరిగా ఒంటబట్టదు. కొందరికి కడుపులో తిప్పుతుంది, కొందరికి నిద్ర పట్టదు. బీపీ మాత్రలకు తోడై బీపీని ఇంకొంచెం దించవచ్చు. మన దేశంలో ఇలాంటి సీసాలు మందుల కింద కాదు, ఆహార చట్టం కింద అమ్ముడవుతాయి. వైద్యానికి కాదని లేబుల్ మీదే రాసి ఉంటుంది.

అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది రక్తం పల్చబడటానికి వార్ఫరిన్ వేసుకునేవాళ్లు. క్యూ10 రూపం విటమిన్ కె కి దగ్గర. వార్ఫరిన్ పనిని తగ్గించి, గడ్డలు కట్టే ముప్పు తేవచ్చు. మొదలుపెట్టేముందే డాక్టరుగారికి సీసా చూపించాలి, తర్వాత రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష మళ్లీ చేయించుకోవాలి. మానేసినప్పుడూ అంతే.