ముద్ద దిగేదాకా

జనవరి చివర, మధ్యాహ్నం ఒంటిగంటన్నర. అశోకా రోడ్డు మీద ఎండ ఇప్పుడే పొగమంచు విడిపించుకుని బయటికొచ్చింది. ఆంధ్రా భవన్ క్యాంటీన్ గుమ్మంలో టోకెన్లు పట్టుకుని సగం ఢిల్లీ నిలబడింది. అందులో తెలుగువాళ్లు పావు వంతుంటే గొప్పే. సందు చూసుకుని లోపలికొచ్చేశాం. మీరు నా పక్కన కూర్చోండి. ఎదురుగా మా బాబాయి.

స్టీలు కంచాలొచ్చాయి. పూరీ, పప్పు, సాంబారు, పచ్చడి. పొడి మీద నెయ్యి వెయ్యగానే వాసన లేచింది. మీరు కలపడం మొదలుపెట్టండి, కానీ ఓ కన్ను బాబాయి చేతి మీద ఉంచండి. మొహం వంక చూడకండి, ఆయనకి తెలిసిపోతుంది.

ఎంతసేపు కలుపుతున్నాడో చూశారా? పప్పన్నం పాయసమయ్యేదాకా పిసుకుతున్నాడు. ఉసిరికాయంత ముద్ద తీసి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు, ఇంకా నమిలాడు. గుటక వేశాడు. అప్పుడు చెయ్యి ఆగింది. వీపు నిటారుగా పెట్టి, భుజాలు వెనక్కి విరిచి, గ్లాసెత్తి రెండు గుక్కల నీళ్లు తాగాడు. వేళ్లు రొమ్ము మధ్యకెళ్లాయి. ఏదో వింటున్నవాడిలా ఆగిపోయాడు. ముద్ద దిగిందో లేదో మనకి తెలీదు, ఆయనకీ ఇంకా తెలీదు.

వడ్డించే కుర్రాడు వచ్చి, "అన్నం పెట్టమంటారా?" అన్నాడు.

"చాలు నాయినా," అని బాబాయి లేచాడు. "చెయ్యి కడుక్కొస్తాను."

కంచంలో అన్నం అలాగే ఉంది. ఆయన కడుక్కునేది చెయ్యి కాదు. అక్కడ తిన్నది తిన్నట్టు బయటికొస్తుంది. ఒకప్పుడు బొబ్బిలి పెళ్లిళ్లలో ఆఖరి పంక్తిలో కూర్చుని, వడ్డించేవాళ్లని అలిసిపోయేలా చేసిన మనిషి ఆయన. ఇప్పుడు ఎవరింటికి భోజనానికి పిలిచినా ఉపవాసమంటాడు. వారంలో ఎన్ని ఉపవాసాలుంటాయని పిన్ని ఓసారి నిలదీసింది. అప్పుడే విషయం బయటపడింది.

దీనికి మూడేళ్లు. ఊళ్లో చూపించిన ప్రతిచోటా 'గ్యాస్' అన్నారు. పరగడుపున వేసుకునే మాత్రలు సంచెడు మింగాడు. ఆ మాత్రలు ఎలా దిగేవో అడగాలని ఎవరికీ తోచలేదు. రాత్రిళ్లు దగ్గొస్తే టీబీ ఏమోనని ఊపిరితిత్తుల ఫొటో తీశారు. పద్నాలుగు కిలోలు తగ్గాడు. నా వాటా తప్పు నాకూ ఉంది. నేనూ ఫోనులో, "మసాలాలు తగ్గించు బాబాయ్," అని నీతులు చెప్పాను.

మర్నాడు తెల్లవారుజామున ఎల్లో లైన్ మీద ఎయిమ్స్ స్టేషన్‌లో దిగుదాం. మెట్లెక్కగానే చలి మొహం మీద కొడుతుంది. రోడ్డుకి అటు సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి, ఇటు 1956లో మొదలైన ఎయిమ్స్. ఫుట్‌పాత్ మీద దుప్పట్లు, వాటి కింద మనుషులు, తలకింద ఎక్స్‌రే కవర్లు. బిహార్, తూర్పు యూపీ, రాజస్థాన్, అన్ని చోట్ల యాసలూ ఇక్కడ వినిపిస్తాయి. టీ కొట్టువాడు బాబాయికి చాయ్ అందించాడు. బాబాయి దాన్ని చేతుల్లో పెట్టుకుని వేడి మాత్రం తీసుకున్నాడు.

వరుస నెమ్మది. ఈలోగా ఓ పని చేద్దాం. వేలు గొంతుముడి మీద పెట్టుకుని గుటక వేయండి. ముడి పైకెగిరి కిందికొచ్చిందా? ఆ ఒక్క సెకనులో నాలుక ముద్దని వెనక్కి తోసింది, కొండనాలుక వైపు మెత్తని అంగిలి లేచి ముక్కుదారి మూసింది, గొంతుముడి ముందుకీ పైకీ కదిలి ఊపిరిగొట్టం మీద మూత పడింది, శ్వాస ఆగింది. అక్కణ్ణించి పాతిక సెంటీమీటర్ల అన్నవాహిక. ముద్ద అందులో జారిపడదు. వెనక నుంచి కండరం బిగుస్తూ, ముందు వదులవుతూ దాన్ని తోసుకుపోతుంది. అందుకే తల్లకిందులుగా నిలబడి తాగినా నీళ్లు కడుపులోకే వెళ్తాయి. చివర్న ఒక కండరపు తలుపు ముద్ద వచ్చినప్పుడు తెరుచుకుని, వెంటనే మూసుకుంటుంది. ఇప్పుడు వెంటవెంటనే నాలుగు గుటకలు వేసి చూడండి. నాలుగోది మొరాయిస్తుంది. రోజూ కొన్ని వందలసార్లు చేసే పనే, చెయ్యాలనుకుంటే చేతకాదు.

బెంచీ మీద మన పక్కనున్న పెద్దాయనకి పక్షవాతం వచ్చి నెల కావస్తోంది. ముక్కులో గొట్టం ఉంది. దాన్ని రైల్స్ ట్యూబ్ అంటారు. జాన్ రైల్ అనే లండన్ డాక్టరు 1921లో దాని గురించి రాశాడు. కూతురు సిరంజితో అందులోకి పప్పునీళ్లు పోస్తోంది. మనకి పొలమారితే నెత్తి మీద తట్టి, ఎవరో తలుచుకుంటున్నారంటాం. దగ్గు రావడం అదృష్టమే, ఊపిరిగొట్టంలోకి పోయినదాన్ని అది బయటికి తోస్తుంది. పక్షవాతం వచ్చినవాళ్లలో కొందరికి ఆ దగ్గు కూడా రాదు. నీళ్లు చప్పుడు లేకుండా ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా అవుతుంది. అలాంటివాళ్లకి పలచటి నీళ్ల కన్నా చిక్కటి జావ నయం. దాహమంటున్నాడని ప్రేమకొద్దీ గ్లాసెత్తి నోట్లో పొయ్యడమే అపాయం.

ఎదురు బెంచీలో ఉన్నామె చేతులు చూడండి. గోళ్లు చెంచాల్లా గుంటలు పడ్డాయి, నాలుక పాలిపోయి నున్నగా ఉంది. రొట్టె గొంతు మొదట్లోనే ఆగిపోతుందని చెబుతోంది. ఒంట్లో ఇనుము ఏళ్ల తరబడి తక్కువైతే అన్నవాహిక పైకొసన పలచటి పొర అడ్డంగా అల్లుకుంటుంది. పాటర్‌సన్, కెల్లీ అనే ఇద్దరు బ్రిటన్ డాక్టర్లు 1919లో దీన్ని వర్ణించారు. అమెరికాలో ప్లమర్, విన్సన్‌ల పేర్లు పెట్టుకున్నారు. ఆ దేశాల్లో ఇప్పుడది దాదాపు పాఠ్యపుస్తకాల్లోనే మిగిలింది, మనకి బెంచీ మీద కనిపిస్తోంది. పొరని సాగదీసి, ఇనుము మాత్రలిస్తే తగ్గుతుంది. పట్టించుకోకపోతే అదే చోట క్యాన్సర్ వచ్చే ముప్పుంది. ఇంటిల్లిపాదీ తిన్నాక అడుగూబొడుగూ తినే ఆడవాళ్ల జబ్బు ఇది. ఆమె భర్త మాత్రం, "నఖ్‌రే కర్‌తీ థీ," అని నవ్వుతున్నాడు. వేషాలేస్తోందని అనుకున్నాడట.

గోడకానుకున్న కుర్రాడు ఎవరితోనూ మాట్లాడట్లేదు. తల్లి మూడే మాటలు చెప్పింది: "తేజాబ్ పీ లియా." మరుగుదొడ్లు కడిగే యాసిడ్ తాగేశాడు. మంట తగ్గాక, వారాల తర్వాత, పుండు మాని బిగుసుకున్న చోట దారి సన్నబడిపోతుంది. అప్పణ్ణుంచి గొట్టాలు దూర్చి వెడల్పు చెయ్యాలి, మళ్లీ మళ్లీ. 2005లో ఇదే ఢిల్లీలో, ఖాన్ మార్కెట్ దగ్గర యాసిడ్ దాడికి గురైన లక్ష్మి వేసిన కేసులో సుప్రీంకోర్టు 2013 జులైలో యాసిడ్ చిల్లర అమ్మకానికి కట్టుదిట్టాలు పెట్టింది. మొహం మీద పోసే యాసిడ్ గురించి దేశమంతా మాట్లాడింది. తాగే యాసిడ్ గురించి ఈ గోడల దగ్గరే మాట్లాడతారు.

మన పేరు పిలిచారు, పదండి.

డాక్టరు చిన్నవాడే. కాగితాల కట్ట పక్కనపెట్టి ముందు అడిగాడు: "ఖానా అటక్‌తా హై, యా పానీ భీ?"

బాబాయికి హిందీ రాదు. నేనే తర్జుమా చేశాను. అన్నమే ఆగుతుందా, నీళ్లు కూడానా?

"నీళ్లూ ఆగిపోతాయిరా. మొదట్నించీ రెండూ ఒకటే. గుండెల మీద రాయి కూకున్నట్టుంటాది."

"ఉల్టీ ఖట్టీ హోతీ హై?" పుల్లగా ఉంటుందా?

"పులుపేటి, నేదు. రాత్రి తిన్న అన్నం తెల్లారి తలగడ మీద ఉంటాది, మెతుకు మెతుకులాగే."

మూడేళ్లలో ఎవరూ అడగనివి ఈ రెండు ప్రశ్నలు. పుల్లగా లేదంటే తిన్నది కడుపు దాకా వెళ్లనేలేదు. మొదట అన్నం, తర్వాత జావ, ఆ తర్వాత నీళ్లు, ఇలా కొద్ది నెలల్లో వరుసగా ఆగుతూ వస్తే దారి లోపల్నించి మూసుకుపోతోందని అర్థం. యాభై దాటిన పొగాకు మనిషి ఆ వరస చెబితే డాక్టర్ల మొహం మారిపోతుంది. ఒక్క రోజు కూడా ఆగకుండా ఎండోస్కోపీ చేయించుకోవాలి. అన్నమూ నీళ్లూ మొదట్నించీ కలిసే ఆగుతుంటే దారి బాగానే ఉండి, నడిపించేవాళ్లే పని మానేశారన్న అనుమానం. మొదట ఎండోస్కోపీ చేసి క్యాన్సర్ లేదని తేల్చుకున్నారు.

తర్వాత ఎక్స్‌రే గది. బాబాయి చేతికి బేరియం గ్లాసిచ్చారు. గోడలకి వేసే సున్నంలా ఉంది. తాగి నిలబడ్డాడు. తెర మీద తెల్లటి స్తంభం లేచింది. ఒక నిమిషం, రెండు, అయిదు. స్తంభం కరగదు. కింద మాత్రం సన్నగా మొన తేలి ఉంది, పిట్ట ముక్కులా. డాక్టర్లూ దాన్ని పిట్ట ముక్కనే అంటారు.

అసలు పరీక్ష మానోమెట్రీ. ముక్కులోంచి సన్నటి తీగలాంటి గొట్టం, దాని పొడుగునా ఒత్తిడి కొలిచే 36 సెన్సర్లు. బాబాయి కళ్లలో నీళ్లు కారుతున్నాయి. చెయ్యి పట్టుకోండి మీరు. టెక్నీషియన్ సిరంజితో 5 మిల్లీలీటర్ల నీళ్లు నోట్లో పోసి, "నిగలియే, బాబూజీ," అంటోంది. "మింగు బాబాయ్," అంటాను నేను. ఇలా పదిసార్లు. ఆరోసారి నేను నోరు తెరిచేలోపే ఆయన మింగేశాడు. ఢిల్లీలో బాబాయి నేర్చుకున్న మొదటి హిందీ మాట అది.

తెర చూడండి. మామూలు మనిషికైతే పైనుంచి కిందికి జారుబండలా వాలుగా ఒక రంగుపట్టీ దిగాలి. బాబాయిది వాలు లేదు. గుటక వెయ్యగానే గొట్టమంతా ఒకేసారి రంగెక్కుతోంది, నిలువుగా, గోడలా. అడుగున తలుపు పట్టీ మాత్రం పదిసార్లూ చెక్కుచెదరలేదు.

ఎకలేజియా, రెండో రకం. ఏటా లక్షమందిలో సుమారు ఒకరికి వస్తుంది. తలుపుని తెరవమని చెప్పే నరకణాలు చచ్చిపోయాయి. ఎందుకు చచ్చిపోతాయో తేలలేదు, ఒంట్లోని రక్షణ వ్యవస్థే వాటి మీద తిరగబడుతుందని అనుమానం. బ్రెజిల్ వైపు చాగస్ అనే పరాన్నజీవి జబ్బు కూడా ఇదే పని చేస్తుంది. జబ్బు పాతదే. 1674లోనే థామస్ విల్లిస్ అనే ఇంగ్లిష్ డాక్టరు ఇలాంటి రోగికి తిమింగలం ఎముకకి స్పాంజి కట్టిచ్చి, తిన్నదాన్ని దాంతో కిందికి నెట్టుకోమన్నాడు. ఆ మనిషి అలాగే బతికాడు. బాబాయికి ఇది చెబితే, "ఎముకా? వొద్దురా బాబూ," అన్నాడు.

1913లో హెల్లర్ అనే జర్మన్ సర్జన్ ఆ తలుపు కండరాన్ని కోశాడు. 2008లో జపాన్ డాక్టరు హరుహిరో ఇనోయే పొట్ట కొయ్యకుండానే, నోట్లోంచి వెళ్లి, అన్నవాహిక లోపలి పొర కింద సొరంగం తవ్వి, కండరం మాత్రం కోసి, మొదట్లో పెట్టిన గాటుకి క్లిప్పులు వేసి బయటికొచ్చాడు. దాన్ని పోయెమ్ అంటారు. అది ప్రపంచంలోనే ఎక్కువగా జరిగే చోట్లలో ఒకటి హైదరాబాద్‌లో నాగేశ్వర్ రెడ్డి గారి ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ. బొబ్బిలి నుంచి అటు పోవాల్సిన బాబాయి ఢిల్లీ వచ్చాడు, అన్నయ్య కొడుకుని నేనిక్కడున్నానని.

ఆపరేషన్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. మత్తిచ్చారు, మేం బయట కూర్చున్నాం, అయిపోయింది. మర్నాడు ఎక్కడా కారడం లేదని చూసుకుని నీళ్లిచ్చారు.

డిశ్చార్జి రోజు డాక్టరు ఒక చీటీ చేతిలో పెట్టాడు. తలుపు కోసేశాక కడుపులో పులుపు పైకి తన్నుతుంది కాబట్టి గ్యాస్ మాత్ర, రోజూ పరగడుపున. గ్యాస్ లేనప్పుడు మూడేళ్లు వేసుకున్న మాత్రే, ఇప్పుడు నిజంగా కావాల్సొచ్చింది. బాబాయి చీటీ చూసి చాలాసేపు నవ్వాడు. రెండో సలహా, మంచం తలవైపు ఎత్తు చెయ్యడం, ఓ 15 సెంటీమీటర్లు.

అంటే కోడుకి రెండు చొప్పున నాలుగు ఇటుకలు. నోయిడాలో ఇటుకలకేం కరువు? మా గేటు ఎదురుగానే అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. వాచ్‌మన్ ఎందుకని అడిగాడు. చాచాజీ మంచానికి అన్నాను. మంచివి ఏరి, బూడిద దులిపి తనే ఇచ్చాడు.

కోళ్ల కింద ఇటుకలు పెట్టి లేచేసరికి పిన్ని గిన్నె తెచ్చింది. మెత్తగా వండిన అన్నం, ముద్దపప్పు, చారు. బాబాయి మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. నిలబడలేదు, భుజాలు విరవలేదు. నీళ్ల గ్లాసు కిటికీ మీదుంది.

"ఎత్తు సరిపోయిందా బాబాయ్?" అన్నాను.

నోట్లో ముద్ద ఉంది. ఉండమన్నట్టు చెయ్యెత్తాడు.