పెనుకొండ సీమ పర్యటన

హిందూపురం, లేపాక్షి, పెనుకొండ, ధర్మవరం. ఈ నాలుగు ఊళ్లను ఒకటి రెండు రోజుల్లో చూసి వచ్చే చిన్న ప్రయాణమే పెనుకొండ సీమ పర్యటన. ఇవన్నీ ఒకప్పుడు అనంతపురం జిల్లాలో ఉండేవి. 2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి కేంద్రంగా ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో ఇప్పుడు భాగమయ్యాయి. బెంగళూరు నుంచి శని ఆదివారాల్లో కార్లలో వచ్చేవాళ్లు, పుట్టపర్తి దర్శనానికి వచ్చి ఒక పూట మిగిలినవాళ్లు, విహారయాత్రకు బయల్దేరిన బడిపిల్లలు ఇక్కడికి ఎక్కువగా వస్తారు. వీరిలో చాలామంది లేపాక్షి గుడి చూసి వెనుదిరుగుతారు. ఆ గుడి పుట్టుకకు కారణమైన రాజకీయం పెనుకొండలో జరిగింది, ఆ గుడి కప్పుల మీది చిత్రాల్లోని చీర అంచులు, పువ్వులు ధర్మవరం మగ్గాల మీద నేటికీ పడుతున్నాయి. ఈ మూడింటినీ కలిపి చూసినప్పుడే ఈ సీమ కథ అర్థమవుతుంది.

పెనుకొండ కోట ఉత్తర ద్వారం దగ్గర 1354 నాటి శాసనం ఉంది. మొదటి బుక్కరాయలు ఈ సీమను తన కుమారుడు వీర విరుపణ్ణకు అప్పగించాడని, అతని కాలంలోనే కోట కట్టారని దాని సారాంశం. తర్వాత రెండు వందల ఏళ్లపాటు పెనుకొండ విజయనగర రాజ్యానికి రెండో ముఖ్య పట్టణంగా, రాయల విడిదిగా ఉంది. 1565 జనవరిలో తళ్లికోట యుద్ధం ముగిశాక ఆరవీటి తిరుమలరాయలు హంపీని వదిలి ఇక్కడికి చేరాడు. రెండేళ్లకు, 1567లో, వెనిస్ వర్తకుడు సీజర్ ఫ్రెడరిక్ పాడుబడిన విజయనగరంలో నెలల తరబడి ఉండిపోయాడు. రాజు తన కొలువును ఎనిమిది రోజుల ప్రయాణ దూరంలోని పెనుకొండకు తరలించాడని ఆయన రాసుకున్నాడు. ఇప్పుడు అదే దూరం కారులో ఒక పూట ప్రయాణం. 16వ శతాబ్ది చివరి దశకంలో రెండో వేంకటపతిరాయలు రాజధానిని చంద్రగిరికి మార్చడంతో పెనుకొండ వైభవం తగ్గింది. ఆ తర్వాత బీజాపూరు సైన్యాలు, మరాఠాలు, హైదర్ అలీ, టిప్పు సుల్తాన్ ఒకరి తర్వాత ఒకరు దీన్ని ఏలారు.

హిందూపురం వీటన్నిటికంటే చిన్న వయసు ఊరు. గుత్తి కోట నుంచి పాలించిన మరాఠా సర్దారు మురారిరావు 18వ శతాబ్దిలో దీన్ని కట్టించి తండ్రి హిందూరావు పేరు పెట్టాడంటారు. ధర్మవరాన్ని క్రియాశక్తి ఒడయరు కట్టించాడని, తల్లి ధర్మాంబ పేరు ఊరికి నిలిచిందని స్థానికులు చెప్పుకుంటారు. ఊరి పెద్ద చెరువును కూడా ఆయనే తవ్వించాడంటారు.

1800లో ఈ ప్రాంతం దత్తమండలాలలో భాగంగా ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. థామస్ మన్రో 1807 వరకు ఇక్కడ ప్రధాన కలెక్టరుగా ఊరూరా డేరా వేసి భూములు కొలిపించాడు. కర్నల్ కాలిన్ మెకంజీ మనుషులు గ్రామ కరణాల దగ్గర స్థానిక చరిత్రలను, అంటే కైఫియతులను, రాయించుకున్నారు. ఈ సీమను చూడటానికి, తెలుసుకోవడానికి తిరిగిన తొలి సంచారాల్లో ఇవి కొన్ని. తర్వాత 1882లో బళ్లారి నుంచి విడిపోయి అనంతపురం జిల్లా ఏర్పడింది. 1905లో డబ్ల్యూ. ఫ్రాన్సిస్ కూర్చిన జిల్లా గెజిటీరు ఒక్కో తాలూకాలో చూడదగ్గ చోట్లను విడివిడిగా వర్ణించింది. చాలాకాలం అధికారులకు, చదువుకున్న యాత్రికులకు అదే దారి చూపిన పుస్తకం.

మామూలు జనానికి దారి తెరిచింది మాత్రం రైలు. గుంతకల్లు నుంచి ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగళూరుకు వెళ్లే మీటరుగేజి మార్గం 1890ల ఆరంభంలో పడింది. ధర్మవరం నుంచి కదిరి, మదనపల్లె మీదుగా పాకాలకు మరో మార్గం వేయడంతో ధర్మవరం జంక్షనయింది. తిరుపతికి పోయేవాళ్లు ఇక్కడ బండి మారేవారు. హిందూపురం చింతపండు, బెల్లం, మిరప వ్యాపారానికి పేరు తెచ్చుకుంది రైలు వచ్చాకే. పట్టుగూళ్ల మార్కెట్టు తర్వాత దానికి తోడయింది. తెల్లవారక ముందే రైతులు గూళ్లు తెచ్చి తట్టల్లో పోస్తారు. గూళ్ల నుంచి పట్టుదారం తీసే రీలర్లు వేలు పెట్టి గట్టితనం చూసి వేలం పాడతారు. గుడులు, కోటలు మాత్రమే చూడాలనుకున్నవాళ్లు కూడా ఒక ఉదయం ఈ మార్కెట్టుకు ఇస్తే బాగుంటుంది, ధర్మవరం చీర కథ ఇక్కడి నుంచే మొదలవుతుంది.

లేపాక్షి హిందూపురానికి తూర్పున సుమారు 15 కిలోమీటర్లు. కూర్మశైలమనే బోడిగుట్ట మీద ఉన్న వీరభద్రాలయాన్ని అచ్యుతదేవరాయల పాలనలో, 1530ల ప్రాంతంలో, విరుపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించారు. పెనుకొండ కోశాధికారిగా ఉన్న విరుపణ్ణ రాజు సొమ్మును గుడికి ఖర్చు పెట్టాడని, దండన పడకముందే తన కళ్లు తానే తీసుకుని గోడకేసి కొట్టాడని జనం చెబుతారు. పూర్తికాని కల్యాణ మండపం పక్కన గోడ మీది ఎర్రటి మరకలను గైడ్లు ఇప్పటికీ చూపిస్తారు. చరిత్రకారులు ఆ కథను నమ్మరు. అయినా మండపం అసంపూర్తిగా ఆగిపోయిన మాట నిజం, ఎందుకు ఆగిందో ఆలోచించే ప్రతివాళ్లకూ ఆ కథ గుర్తొస్తుంది.

గుడిలో ఎక్కువమంది చుట్టూ మూగేది వేలాడే స్తంభం దగ్గర. నాట్య మండపంలోని ఆ స్తంభం ఒక మూలన మాత్రమే నేలకు ఆని ఉంటుంది. కండువానో, చీర కొంగునో ఒకవైపు నుంచి దూర్చి మరోవైపు లాగడం వచ్చినవాళ్లకు ఆనవాయితీ. ఆ రద్దీలో తల ఎత్తి పైకి చూసేవాళ్లు తక్కువ. నిజానికి లేపాక్షి గొప్పతనం పైకప్పులోనే ఉంది. విజయనగర కాలపు చిత్రకళ ఇంత విస్తారంగా మిగిలిన చోట్లు చాలా కొద్ది. కిరాతార్జునీయం, పార్వతీ కల్యాణం, వటపత్రశాయి, ద్రౌపదీ స్వయంవరం పట్టీలు పట్టీలుగా సాగుతాయి. స్త్రీల చీరల్లో గళ్లు, చారలు, పూలు ఎన్ని రకాలో లెక్కపెట్టలేం. పొడవాటి కుళ్లాయిలు పెట్టుకుని వీరభద్రుడికి మొక్కుతున్న విరుపణ్ణ, వీరణ్ణల బొమ్మలు కూడా ఉన్నాయి. స్తంభాల మీద రంభ ఆడుతుంటే బ్రహ్మ మద్దెల వాయిస్తాడు, మూడు కాళ్ల భృంగి లయకు అడుగు వేస్తాడు. గుడి వెనక ఏడు పడగల నాగలింగాన్ని, తల్లి వంట ముగించేలోపు శిల్పులు చెక్కి ముగించారని చెబుతారు. అక్కడికి కొంత దూరంలో ఉన్న ఏకశిలా నంది పొడవు సుమారు 27 అడుగులు, ఎత్తు 15 అడుగులు. మెడలోని గంటల పేరును వేళ్లతో తడిమితే ఒక్కో పూసా విడిగా తెలుస్తుంది.

ఈ గుడికి బయట ప్రపంచంలో పేరు రావడానికి కొంతమంది పనిగట్టుకుని శ్రమించారు. హిందూపురానికి చెందిన స్వాతంత్ర్య సమరయోధుడు, 1937 శ్రీబాగ్ ఒడంబడికపై సంతకం చేసినవారిలో ఒకరైన కల్లూరు సుబ్బారావు లేపాక్షి శిల్పసంపదను పదిమందికీ పరిచయం చేయడానికి పాటుపడ్డారు. అడివి బాపిరాజు లేపాక్షి బసవయ్య మీద పాట రాశారు. రాష్ట్ర ప్రభుత్వం హస్తకళల దుకాణాలకు లేపాక్షి పేరే పెట్టింది. 2016లో, 2018లో లేపాక్షి ఉత్సవాలు జరిగాయి. 2022లో వీరభద్రాలయం, ఏకశిలా నంది యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. 2024 జనవరి 16న ప్రధాని నరేంద్ర మోదీ ఆలయాన్ని దర్శించారు, అదే రోజు పెనుకొండ సమీపంలోని పాలసముద్రం దగ్గర కస్టమ్స్ శిక్షణ అకాడమీని ప్రారంభించారు.

పెనుకొండకు ఇంత ప్రచారం దక్కలేదు. ఊళ్లోకి అడుగుపెడితే మాత్రం పది అడుగులకో శిథిలం కనిపిస్తుంది. కాస్త మసకబారిన గగన్ మహల్ గుమ్మటాలు, కమాను వాకిళ్లు హంపీ లోటస్ మహల్‌ను గుర్తుచేస్తాయి. పక్కపక్కనే రామాలయం, శివాలయం ఉన్నాయి, వాటి గోడల నిండా రామాయణ, శైవ కథల శిల్పాలే. జైనుల విద్యాపీఠాలు నాలుగని వారి సంప్రదాయం చెబుతుంది, వాటిలో పెనుకొండ ఒకటి. ఇక్కడి పార్శ్వనాథ బసదికి కర్ణాటక నుంచి, మహారాష్ట్ర నుంచి యాత్రికులు వస్తారు. బాబయ్య స్వామి దర్గాలో గంధం రోజున హిందువులూ ముస్లింలూ ఒకే వరసలో నిలబడతారు. తిమ్మరుసును కృష్ణదేవరాయలు గుడ్డివాణ్ని చేశాడని పోర్చుగీసు గుర్రాల వ్యాపారి న్యూనిజ్ రాశాడు. ఆ మహామంత్రి చివరి రోజులు పెనుకొండలోనే గడిచాయని ఊరివాళ్లు నమ్ముతారు, ఒక మంటపాన్ని ఆయన సమాధిగా చూపిస్తారు.

కోటకు ఎర్రమంచి వాకిలి అని ఒక ద్వారం ఉంది, అందులో సుమారు 11 అడుగుల ఆంజనేయుడి విగ్రహం ఉంది. ఆ పేరే ఉన్న ఎర్రమంచి దగ్గర 2017 ఏప్రిల్‌లో కుదిరిన ఒప్పందంతో దక్షిణ కొరియా కంపెనీ కియా కార్ల కర్మాగారం కట్టింది, 2019 ఆగస్టులో సెల్టోస్ కార్లు బయటికి వచ్చాయి. ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యంతో మొదలైన ఆ ఫ్యాక్టరీ వల్ల 44వ జాతీయ రహదారి పక్కన హోటళ్లు, కొరియా భోజనశాలలు వెలిశాయి. ఇదివరకు పెనుకొండలో రాత్రి బస చేయడమే కష్టం. ఇప్పుడు బసకు ఇబ్బంది లేదు, కోట గురించి చెప్పే మనిషే దొరకడు.

ధర్మవరంలో చూడాల్సింది దేవాలయం కాదు, నేసేపేట. పడుగుకు పట్టు, పేకకు పట్టు, అంచుకు జరీ, ఒక్కో చీర మీద ఇంటిల్లిపాదీ పనిచేస్తారు. వెడల్పాటి అంచు, నిండుగా నేసిన పైట, ఒంటి రంగుకు విరుద్ధంగా ఉండే అంచు రంగు ఈ చీర గుర్తులు. ధర్మవరం పట్టుచీరలకు, పావడాలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చైనా నుంచి దిగుమతయ్యే ముడిపట్టు ధర పెరిగినా తగ్గినా, ఆ దెబ్బ ముందు తగిలేది ఈ ఇళ్లకే. మరమగ్గాల మీద అవే నమూనాలు తక్కువ ధరకు వస్తుండటంతో చేనేత కుటుంబాలు చాలా ఇబ్బంది పడుతున్నాయి. చీర కొనదలచుకున్నవాళ్లు మగ్గం గుంతలో కూర్చున్న నేతగాడి దగ్గర ఒక అరగంట నిలబడి చూస్తే ఆ ధర ఎందుకంతో తెలిసిపోతుంది.

పుట్టపర్తి ఈ పర్యటన స్వరూపాన్నే మార్చింది. 1950లో సత్యసాయి ఆశ్రమం ప్రశాంతి నిలయం మొదలయ్యాక దేశవిదేశాల భక్తుల రాక పెరిగింది, 1990లో విమానాశ్రయం, 2000లో ధర్మవరం – పెనుకొండ మధ్య కొత్త రైలు మార్గం మీద ప్రశాంతి నిలయం స్టేషను వచ్చాయి. కొంచెం సమయం ఉన్నవాళ్లు హిందూపురం నుంచి కర్ణాటక సరిహద్దు దాటి విదురాశ్వత్థం వెళ్తారు. 1938 ఏప్రిల్ 25న జెండా ఎగరేయబోయిన జనం మీద అక్కడే పోలీసులు కాల్పులు జరిపారు. కదిరి వైపు వెళ్లేవాళ్లకు 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కిన తిమ్మమ్మ మర్రిమాను ఉంది.

ఈ సీమలో వానలు తక్కువ, ఎండలు ఎక్కువ. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా తిరగడానికి అనువైన కాలం. మొదటి రోజు ఉదయం హిందూపురంలో ఉగ్గాణి, బజ్జి తిని గూళ్ల మార్కెట్టు చూసి, మధ్యాహ్నానికి లేపాక్షి చేరవచ్చు. చిత్రాలు చూడటానికి పగటి వెలుతురు ఉండాలి, కప్పు కింద చీకటి ఎక్కువ. సాయంత్రం హిందూపురం నుంచి సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని పెనుకొండకు వచ్చి అక్కడే పడుకుంటే, మర్నాడు ఎండ ఎక్కకముందే కొండ ఎక్కి లక్ష్మీనరసింహ స్వామిని, కోటను చూసి దిగవచ్చు. మధ్యాహ్నం ధర్మవరం, అక్కడి నుంచి రాత్రి రైలు. సమయం చాలక ఏదైనా వదిలేయాల్సి వస్తే పెనుకొండను మాత్రం వదలకండి.